చెరువు పక్కన గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాట్ చూశాం, కొనేముందు ఏమేం చూసుకోవాలి?

మాధవి_కేపీ · శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పదేళ్ళుగా కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నాం. ఇప్పుడు అమీన్‌పూర్ వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాట్ చూశాం. మూడు బెడ్‌రూములు, 1,640 చదరపు అడుగులు, ఏడో అంతస్తు. బాల్కనీలో నిలబడితే ఎదురుగా చెరువు, అవతల కట్ట, కట్ట వెనక తాటిచెట్లు. మా పాప రెయిలింగ్ పట్టుకుని "అమ్మా, ఇక్కడే ఉండిపోదాం" అంది. నాకూ అదే అనిపించింది. లేక్ వ్యూ అని చదరపు అడుగుకు 350 రూపాయలు ఎక్కువ చెప్పారు.

హెచ్ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) పర్మిషన్ ఉంది, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉంది, బ్యాంకు లోన్ ఇస్తానంది. ఇంకేం కావాలి అంటున్నారు మావారు. మా నాన్న మాత్రం "ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్ళు చేరే హద్దు) సంగతి అడిగావా తల్లీ" అని రోజూ ఫోన్ చేస్తున్నారు. టీవీలో చెరువుల్లో కట్టిన ఇళ్ళ కూల్చివేతలు చూసినప్పటి నుంచి ఆయనకు ఒకటే టెన్షన్. సేల్స్ వాళ్ళను అడిగితే "అది చిన్న కుంట మేడం, 9 మీటర్లు వదిలితే చాలు, మేం 12 వదిలాం" అన్నారు. ఈ ఆదివారంలోపు 20 శాతం కడితేనే ఈ రేటట.

చెరువుల దగ్గర ఉంటున్నవాళ్ళు, కొన్నవాళ్ళు, కొనకుండా వెనక్కి వచ్చినవాళ్ళు దయచేసి చెప్పండి.

లింక్_డాక్యుమెంట్ · శుక్రవారం, రాత్రి 10:15

మాధవిగారూ, ముందు ఆ ఆదివారం గడువును పక్కన పెట్టండి. రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. 20 శాతం అడుగుతున్నారంటే అగ్రిమెంట్ ముందు రిజిస్టర్ చేయమనండి. దానికి వాళ్ళేమంటారో వింటే చాలా సంగతులు తెలుస్తాయి.

బ్యాంకు లోన్ ఇస్తానంటే స్థలం క్లియర్ అని కాదు. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు డబ్బు భద్రత. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయ్యేది మీ మధ్య జరిగిన అమ్మకం. ఆ భూమి ఏ రకం భూమో వాళ్ళు పొలానికి వెళ్ళి చూసి చెప్పరు.

సర్వే నంబర్ తీసుకుని 30 ఏళ్ళ ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల రికార్డు) తీయించండి. లింక్ డాక్యుమెంట్లు, అంటే భూమి చేతులు మారిన పాత దస్తావేజులు, ఒక్కటి కూడా తెగకుండా ఉండాలి. పాత పహాణీలు (గ్రామ భూమి రికార్డులు) అడగండి, 1954-55 ఖాస్రా పహాణీ దాకా వెళ్తే ఇంకా మంచిది. అందులో ఆ నంబర్ ఎదురుగా శికం (చెరువు గర్భం) అనో, సర్కారీ అనో రాసి ఉందేమో చూడాలి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితా ఆన్‌లైన్‌లోనే చూడొచ్చు. ఇక అన్నిటికంటే ముఖ్యం, రెరా వెబ్‌సైట్లో ఆ ప్రాజెక్టు పేజీకి వెళ్ళి మంజూరైన ప్లాన్ డౌన్‌లోడ్ చేసి బ్రోచర్ పక్కన పెట్టుకుని చూడండి. నేను చూసిన గొడవల్లో చాలావాటికి మూలం ఆ రెండు కాగితాల మధ్య తేడానే.

కట్టమీద_సత్తెన్న · శనివారం, ఉదయం 6:05

అమ్మా మాధవీ, నేను ఇరిగేషన్‌లో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మీ నాన్నగారి భయం సరైనదే. కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

ప్రతి చెరువుకు కట్ట, తూము, అలుగు ఉంటాయి. తూము నుంచి పొలాలకు నీళ్ళు వదులుతారు. చెరువు నిండాక మిగులు నీళ్ళు పోయేది అలుగు మీద నుంచి. ఆ అలుగు పైఅంచు ఎంత ఎత్తులో ఉందో, నీళ్ళు ఆ ఎత్తుకు చేరినప్పుడు చుట్టూ ఎంత దూరం పరుచుకుంటాయో, ఆ గీతే ఎఫ్‌టీఎల్. మే నెలలో నీకు కనిపించే నీళ్ళను చూసి చెరువు అంతే అనుకోవద్దు. పెద్ద వాన పడ్డప్పుడు అలుగు మీద రెండడుగుల మందాన నీళ్ళు దుముకుతాయి. అంటే ఆ పూట చెరువు ఎఫ్‌టీఎల్‌ను కూడా దాటి ఉన్నట్టు. అందుకే దాని తర్వాత బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా, పెట్టారు.

బఫర్ ఎంత అన్నది 2012 నాటి జీవో 168లో ఉంది. చెరువు 10 హెక్టార్లు, అంతకు పైన ఉంటే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు. 10 హెక్టార్ల లోపు అయితే 9 మీటర్లు. 10 హెక్టార్లంటే దాదాపు 25 ఎకరాలు. కాబట్టి "చిన్న కుంట" అన్న మాట నమ్మకుండా ఆ చెరువు విస్తీర్ణం నువ్వే చూడు. హెచ్ఎండీఏకు చెరువుల కోసం వేరే వెబ్‌సైట్ ఉంది. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే చెరువు మ్యాపు, సర్వే నంబర్లతో సహా వస్తుంది. ప్రిలిమినరీ నోటిఫికేషనా, ఫైనలా అన్నది కూడా చూసుకో. ప్రిలిమినరీ అయితే గీత ఇంకా జరగొచ్చు.

ఇంకొక్కటి. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే కింది చెరువులోకి వస్తుంది. పై నుంచి వచ్చే కాలువ ఎక్కడుంది, మీ సైట్‌లోంచి పోతుందా అన్నది కాళ్ళతో నడిచి చూడాలి. కాలువ వెడల్పు 10 మీటర్లు దాటితే దాని హద్దు నుంచి 9 మీటర్లు, ఆలోపైతే 2 మీటర్లు వదలాలి. నీరు పల్లమెరుగు. దాని దారిలో గోడ కడితే గోడ పక్కనుంచి వెతుక్కుంటూ వస్తుంది.

రాజేష్_ఓఆర్ఆర్ · శనివారం, ఉదయం 9:30

అందరూ భయపెట్టే మాటలే చెప్తున్నారు కాబట్టి రెండోవైపు నేను చెప్తాను. ఆరేళ్ళుగా చెరువు ఒడ్డునే ఉంటున్నాం. ఈ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఎందుకు కొన్నామా అనుకోలేదు. ఎండాకాలం సాయంత్రం ఆరు దాటితే ఏసీ అక్కర్లేని గాలి. డిసెంబర్‌లో మా అబ్బాయి బైనాక్యులర్స్ పట్టుకుని పొద్దున్నే కూర్చుంటాడు, నామాల కోళ్ళు, కొంగలు, అప్పుడప్పుడు ఫ్లెమింగోలు. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులున్నా రోజూ కట్ట మీద రెండు చుట్లు నడుస్తుంది.

కానీ మా బిల్డర్ 30 మీటర్లు పూర్తిగా వదిలేసి ఆ జాగాలో మట్టి బాట తప్ప ఏమీ వేయలేదు. ఎఫ్‌టీఎల్ హద్దు రాళ్ళు మా కాంపౌండ్ బయట ఇప్పటికీ కనిపిస్తాయి. చుట్టుపక్కల మురుగును మళ్ళించి శుద్ధి చేశాకే చెరువులోకి వదులుతున్నారు. మురుగు కలిసే చెరువైతే నేను కూడా వద్దనే అంటాను. దోమలు మాత్రం ఉంటాయండి, ఏ చెరువైనా. అన్ని కిటికీలకూ మెష్ వేయించుకోవాల్సిందే. గుర్రపుడెక్క పెరిగితే ఇంకా ఎక్కువ.

ఫ్లాట్ చూడ్డానికి ఉదయం 11 గంటలకు తీసుకెళ్తారు. మీరు రాత్రి ఎనిమిదింటికి వెళ్ళండి. ఏప్రిల్‌లో నీళ్ళు తగ్గినప్పుడు ఒకసారి, పెద్ద వాన పడ్డ మర్నాడు ఒకసారి వెళ్ళండి.

సరిత_సెల్లార్ · శనివారం, మధ్యాహ్నం 1:20

ఏడో అంతస్తు కదా, నీళ్ళు మా దాకా రావు అనుకోకండి మాధవిగారూ. మేం ఐదో అంతస్తు. ఎల్బీనగర్ వైపు, చెరువుకు కింది వైపున ఉన్న అపార్ట్‌మెంట్.

2020 అక్టోబర్ 13 రాత్రి. ఆ రోజు సిటీ చుట్టుపక్కల కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. పదకొండున్నరకు వాచ్‌మన్ తలుపు కొట్టాడు. మావారితో పాటు నేనూ మెట్లు దిగాను. ర్యాంపు మీదనుంచి నీళ్ళు సెల్లార్‌లోకి జలపాతంలా పడుతున్నాయి. కార్ల లైట్లు నీళ్ళ అడుగున వాటంతటవే వెలుగుతున్నాయి. రెండు కార్ల హారన్లు ఆగకుండా మోగి, కాసేపటికి గొంతు పోయినట్టు సన్నగా అయి ఆగిపోయాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వాన పడితే గుర్తొస్తుంది.

కరెంటు ప్యానెల్, జనరేటర్, మంచినీళ్ళ సంపు, అన్నీ సెల్లార్‌లోనే. సంపులో మురుగు కలిసింది. నాలుగు రోజులు కరెంటు లేదు, ఐదు వారాలు లిఫ్ట్ లేదు. మా మామగారికి అంతకు ముందే గుండె ఆపరేషన్ అయింది. చెకప్‌కు కుర్చీలో కూర్చోబెట్టి ఐదంతస్తులు మోసి దించాం, మళ్ళీ మోసి ఎక్కించాం. ఆ నాలుగైదు రోజుల్లోనే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. వాళ్ళ బాధ ముందు మాది ఏపాటిది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. వరద లేని ఏడాది కూడా చెరువు పక్కన భూగర్భ జలం పైకి ఉంటుంది. ఆగస్టు నుంచి సంక్రాంతి దాకా మా సెల్లార్ గోడలు చెమ్మగిల్లి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, మోటార్ రాత్రంతా తిరుగుతుంది. ఆ కరెంటు బిల్లు మెయింటెనెన్స్‌లో కలుస్తుంది. కాబట్టి మీరు చూసిన చోట సెల్లార్‌లోకి దిగండి. లిఫ్ట్ గుంతలో నీళ్ళున్నాయా, గోడ మీద ఒక ఎత్తు వరకు కొత్త రంగు వేసి ఉందా చూడండి. ప్యానెల్ రూమ్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉందో, కింద ఉందో తప్పకుండా అడగండి.

హెచ్ఎస్ఆర్_హరి · శనివారం, సాయంత్రం 4:50

బెంగళూరు నుంచి. మాది నెల్లూరు, ఇక్కడ 14 ఏళ్ళు. బెళ్ళందూరు చెరువుకు ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో ఉండేవాళ్ళం. ఆ చెరువు నురగ రోడ్డు మీదికి ఎగిరి రావడం, 2017లో చెరువులోనే మంటలు లేవడం అందరూ టీవీలో చూశారు. ఇంట్లో జరిగేది టీవీలో రాదు. పూజగదిలో వెండి కుందులు తోమి పెడితే వారం తిరక్కుండానే నల్లబడేవి. ఏసీ కాయిల్ మూడేళ్ళలో రెండుసార్లు లీకైంది. టెక్నీషియన్ కాయిల్ విప్పి చూపించాడు, రాగి గొట్టం మసి పట్టినట్టు నల్లగా ఉంది. మురుగు కుళ్ళినప్పుడు వచ్చే గ్యాస్ రాగిని, వెండిని అలాగే తినేస్తుందట.

2022 సెప్టెంబరులో యమలూరు వైపు కోట్ల ఖరీదైన విల్లాల నుంచి మనుషుల్ని ట్రాక్టర్లలో తీసుకురావడం నేను కళ్ళారా చూశాను. పర్మిషన్ కాగితం ఉన్నంత మాత్రాన నీళ్ళు ఆగవు. ఇక్కడ చెరువుల బఫర్‌ను గ్రీన్ ట్రిబ్యునల్ 2016లో 75 మీటర్లు చేసింది, 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. గీత మారుతుంటే మధ్యలో కొన్నవాళ్ళ పరిస్థితి ఏమిటో ఆ మూడేళ్ళు దగ్గరి నుంచి చూశాను. గీతకు ఎంత దూరంగా ఉంటే అంత నిశ్చింత.

పాలకొల్లు_ప్రసాద్ · శనివారం, రాత్రి 8:10

మధ్యలో నాదొక ప్రశ్న అండి. మాకు తెలిసినాయన ఒక చెరువు దగ్గర 120 గజాల ప్లాట్ సగం రేటుకే ఇప్పిస్తానంటున్నాడు. "శికం పట్టా, భయం లేదు, నోటరీ మీద రాయించుకోవచ్చు, తర్వాత ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని ప్లాట్ల క్రమబద్ధీకరణ) చేయించుకోండి" అంటున్నాడు. తీసుకోవచ్చా?

లింక్_డాక్యుమెంట్ · శనివారం, రాత్రి 8:35

వద్దండి ప్రసాద్‌గారూ. శికం అంటే చెరువు గర్భం. శికం పట్టా అంటే నీళ్ళు తగ్గిన కాలంలో ఆ రైతు అక్కడ పంట వేసుకోవచ్చు, అంతే. ఇల్లు కట్టే హక్కు అందులో లేదు. ఎఫ్‌టీఎల్‌లోని ప్లాట్లకు ఎల్ఆర్ఎస్ వర్తించదు. నోటరీ కాగితంతో భూమి మీ పేరు మీదికి రాదు. సగం రేటుకు ఇస్తున్నారంటే మిగతా సగం రిస్కు మీ నెత్తిన పెడుతున్నారని అర్థం. చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక 2024లో ఇళ్ళు పోయినవాళ్ళలో ఇలా కూడబెట్టిన డబ్బుతో కొన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళను చూశాక ఈ మాట గట్టిగా చెప్పకుండా ఉండలేను.

మొయినాబాద్ వైపు ఫాంహౌస్, విల్లా చూస్తున్నవాళ్ళు కూడా ఇది చదువుతుంటే, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టిన 1996 నాటి జీవో 111 ఉంది. ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 2022లో జీవో 69 వచ్చింది కదా అని ఏజెంట్లు చెప్పేది విని డబ్బు కట్టకండి, భూమి లాయరుకు కాగితాలు చూపించాకే అడుగు వేయండి.

డాలస్_వాణి · ఆదివారం, ఉదయం 7:15

ఇక్కడ డాలస్‌లో మా ఇల్లు కొన్నప్పుడు వరద మ్యాపులో ఆ ఇల్లు ఏ జోన్‌లో ఉందో బ్యాంకే ముందు చూసింది. రిస్కు జోన్‌లో ఉంటే ఫ్లడ్ ఇన్సూరెన్స్ తీసుకోకుండా లోన్ ఇవ్వరు. హైదరాబాద్‌లో అమ్మావాళ్ళకు ఫ్లాట్ కొన్నప్పుడు ఆ మాటే ఎవరూ ఎత్తలేదు, మేమే అడిగి తీసుకున్నాం. 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష అని ఒకే రకం పాలసీ ఉంది, దాంట్లో వరద నష్టం కవర్ అవుతుంది. సెల్లార్‌లోని ప్యానెల్, లిఫ్టులకు మాత్రం సొసైటీ పేరు మీద వేరే పాలసీ ఉండాలి, అడగండి.

మాధవి_కేపీ · ఆదివారం, రాత్రి 9:05

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఈ రోజు డబ్బు కట్టలేదు. అగ్రిమెంట్ ముందు రిజిస్టర్ చేయమంటే సేల్స్ అబ్బాయి "మేనేజర్‌ను అడిగి చెప్తా మేడం" అని పెట్టేశాడు.

నాన్న పొద్దున్నే జనగామ నుంచి వచ్చారు. ఆరున్నరకే ఇద్దరం చెరువు దగ్గరికి వెళ్ళాం. సత్తెన్నగారూ, మీరు చెప్పినట్టే హెచ్ఎండీఏ మ్యాపు ఫోన్‌లో పెట్టుకున్నాను. చెరువు విస్తీర్ణం 27 ఎకరాల 12 గుంటలు! అంటే బఫర్ 30 మీటర్లు. నోటిఫికేషన్ ఇంకా ప్రిలిమినరీనే.

కట్ట మీద నడుచుకుంటూ చివర అలుగు దాకా వెళ్ళాం. అక్కడ వల ఆరేసుకుంటున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు. అలుగు గోడ రెండు చివరలా నున్నగా ఉంది, నడుమ మాత్రం రెండు బారల మేర పైభాగం కొట్టేసి ఉంది. సిమెంటు తెల్లగా, కొత్తగా కనిపిస్తోంది, జేసీబీ పళ్ళ గాట్లు కూడా ఉన్నాయి. నాన్న తన గొడుగు నిలబెట్టి కొలిచారు, అడుగున్నర లోతు. పెద్దాయనను అడిగితే "రెండేండ్ల సంది గట్లనే ఉంది బిడ్డా. నీళ్ళు నిలుస్తలేవు, చాపలు పెరుగుతలేవు" అన్నాడు.

తర్వాత సైట్ వెనక వైపు వెళ్ళాం. పై చెరువు నుంచి వచ్చే కాలువ అక్కడ నాన్న అడుగులతో పన్నెండడుగుల వెడల్పు ఉంది. సైట్ కాంపౌండ్ గోడ దగ్గరికి వచ్చేసరికి రెండు సిమెంటు పైపుల్లోకి దూరిపోయింది. ఒక పైపు నోట్లో ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి చిప్పలు అడ్డం పడి సగం మూసుకుపోయింది. నాన్న అక్కడే రాయి మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంటికొచ్చి రెరా ప్లాన్, బ్రోచర్ పక్కపక్కన పెట్టాను. చెరువు వైపు 30 మీటర్లు ప్లాన్‌లో ఆకుపచ్చగా, ఖాళీగా ఉంది. బ్రోచర్‌లో అదే చోట క్లబ్‌హౌస్, పిల్లల ఈతకొలను. క్లబ్‌హౌస్ గోడలు ఇప్పటికే నడుమెత్తు లేచాయి. మా టవర్ మాత్రం 30 మీటర్ల బయటే ఉన్నట్టుంది. మావారు "టవర్ సేఫ్ కదా" అంటున్నారు. ఏం చేయాలి?

కట్టమీద_సత్తెన్న · ఆదివారం, రాత్రి 10:20

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. గొడుగుతో కొలిచిన ఆ అడుగున్నరలోనే సంగతంతా ఉంది.

మీ సైట్ ఉన్నది కట్టకు ఎదురుగా, చెరువు మునక వైపు. అలుగు కొట్టేస్తే చెరువు నిండదు, మునక వైపు నేల ఎండి ఉంటుంది, కొనేవాళ్ళకు నీళ్ళు దూరంగా కనిపిస్తాయి. ఎవరు కొట్టారో మనకు తెలియదు, ఎవరినీ అనను. కానీ రేపు డిపార్ట్‌మెంటు వాళ్ళు అలుగు బాగు చేస్తే ఏమవుతుందో లెక్క వేసుకో. మీ దగ్గర నేల నూటికి ఒకటి వాలు ఉందనుకుందాం. నీళ్ళు అడుగున్నర పైకి వస్తే 150 అడుగులు ముందుకు వస్తాయి. ఈ రోజు నీళ్ళ అంచు నుంచి టవర్ దాకా టేపు పట్టి చూడు. ఎఫ్‌టీఎల్ లెక్క అలుగు అసలు ఎత్తుతోనే గానీ విరిగిన ఎత్తుతో కాదు.

టవర్ బయట ఉన్నా క్లబ్‌హౌస్ పోతే దాని ఖర్చు మీరందరూ పెట్టిన డబ్బులోదే. అన్‌డివైడెడ్ షేర్‌లో (మొత్తం భూమిలో మీ ఫ్లాటుకు వచ్చే వాటాలో) ఆ బఫర్ జాగాను కలిపారా, తీసేశారా అడుగు. ఇరిగేషన్, రెవెన్యూ వాళ్ళు ఇచ్చిన ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కాపీ స్కెచ్‌తో సహా అడుగు. ఇవ్వనంటే ఆర్‌టీఐ పెట్టు.

కాలువ విషయం నాకు ఇంకా ఎక్కువ బాధగా ఉంది. పై చెరువు అలుగు పారిన రోజు ఆ రెండు పైపులు చాలవు. నీళ్ళు ఆ కాంపౌండ్ గోడను తోసుకుని సెల్లార్‌లోకే వస్తాయి. అప్పుడు సరితమ్మ చెప్పిందే మీ దగ్గరా జరుగుతుంది.

సరిత_సెల్లార్ · సోమవారం, ఉదయం 8:40

కాలువ ఫొటోలు తేదీతో సహా తీసి పెట్టుకోండి మాధవీ. కొన్నా కొనకపోయినా ఆ అలుగు సంగతి, క్లబ్‌హౌస్ సంగతి హైడ్రాకు, ఇరిగేషన్ వాళ్ళకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఇప్పటికే కొన్న కుటుంబాలు ఉంటాయి కదా, వాళ్ళకు ఈ విషయం తెలియకపోవచ్చు.

మాధవి_కేపీ · గురువారం, రాత్రి 9:50

ఎన్ఓసీ కాపీ ఇచ్చారు, రెండో పేజీ లేకుండా. స్కెచ్ ఉండేది అందులోనేనట. మూడుసార్లు అడిగాక "మీకు నమ్మకం లేకపోతే వేరే కస్టమర్లు ఉన్నారు" అన్నారు. ఆ ఫ్లాట్ వదిలేశాం. మావారు కూడా నిన్న సాయంత్రం ఒక్కరే వెళ్ళి కాలువ చూసి వచ్చారు, ఇంటికొచ్చాక ఇక ఆ మాట ఎత్తలేదు. ఫిర్యాదు నాన్న పేరు మీద పంపాం. ఆయనే సంతకం పెడతానన్నారు.

పాప రెండు రోజులు అలిగింది. ఇప్పుడు అదే చెరువుకు అవతల, ఊరి పక్క ఎత్తు మీద పాత అపార్ట్‌మెంటులో రెండు బెడ్‌రూముల రీసేల్ ఫ్లాట్ ఒకటి ఉంది. పది పన్నెండేళ్ళ కిందట కట్టింది, ఓసీ (నివాసానికి ఇచ్చే అనుమతి పత్రం) ఉంది, సెల్లార్ లేదు, పార్కింగ్ నేల మట్టాన స్తంభాల మధ్య స్టిల్ట్‌లోనే. మిద్దె ఎక్కితే చెరువు కనిపిస్తుంది. ఈ వారాంతం వానలున్నాయంటున్నారు కాబట్టి శనివారమే వెళ్ళి చూద్దామనుకుంటున్నాం. సత్తెన్నగారూ, మీకు వీలైతే వస్తారా? నాన్న కూడా అడగమన్నారు.

కట్టమీద_సత్తెన్న · గురువారం, రాత్రి 10:30

వస్తానమ్మా. శనివారం ఉదయం ఏడింటికి కట్ట మీద మైసమ్మ గుడి దగ్గర ఉంటాను. 30 మీటర్ల టేపు నా దగ్గర ఉంది. మీ నాన్నగారిని గొడుగు తెచ్చుకోమను.